గట్ల మీద త్వరగా పెరిగే దేశవాళీ చెట్లు

ప్రశ్న: మూడెకరాల ఎర్ర నేలలో వేరుశనగ, కంది వేస్తాం. బోరు కొద్దిగా పోస్తుంది. గట్ల మీద త్వరగా పెరిగే దేశవాళీ చెట్లు పెట్టాలనుకుంటున్నాను. ఏవి మేలు? పైరుకు దెబ్బ ఉండదా?

జవాబు: కలప కోసమైతే మలబారు వేప నాటండి. నీరు నిలవని నేలలో, మొదటి రెండేళ్లు తడులు అందితే 6–8 ఏళ్లలో ప్లైవుడ్‌కు పనికొస్తుంది. చలికాలంలో ఆకు రాలుస్తుంది కాబట్టి రబీ పైరుకు ఎండ తగులుతుంది. మేకలు, గొర్రెలు ఉంటే పెద్దమాను అనే చెట్టు కూడా పెట్టండి. పచ్చిమేత కరువైనప్పుడు కొమ్మ నరికి వేయొచ్చు, కలప అగ్గిపుల్లలకు పోతుంది. కానుగను పశువులు ముట్టవు, రొట్ట మంచి ఎరువు. కానీ పెరుగుదల నిదానం, నీడ చిక్కన. ఒక మూలకు నాలుగైదు చాలు.

తొలకరి బాగా పడ్డాక 45 సెం.మీ. పొడవు, వెడల్పు, లోతు గుంతల్లో పైమట్టి, 5 కిలోల చివికిన పశువుల ఎరువు కలిపి నింపి, 3 మీటర్లకొకటి నాటండి. సంచి చింపగానే అడుగు చూడండి. వేర్లు చుట్టలు తిరిగి ఉంటే ఆ చుట్టను కత్తిరించాలి. అలాగే నాటితే తల్లివేరు దిగదు, రెండు మూడేళ్లకు గాలివానకు చెట్టు ఒరిగిపోతుంది.

మలబారు వేప విలువంతా నిటారు మానులోనే ఉంది. పక్క మొగ్గలను పచ్చిగా, పెన్సిలంత లావు కాకముందే గిల్లేయండి. ముదిరాక నరికితే కలపలో ముడి పడుతుంది, ప్లైవుడ్ మిల్లు వాళ్లు ధర తగ్గిస్తారు. ఒకేసారి మూడో వంతుకు మించి ఆకు తీయవద్దు. త్వరగా ఎదగాలని యూరియా గుప్పిస్తే కాండం సన్నగా సాగి విరుగుతుంది.

నీడ ఏడాదిలో ఎక్కువ కాలం ఉత్తరానికి పడుతుంది కాబట్టి ఉత్తరపు గట్టు మీ పైరుకు మేలు. అవతల పక్క రైతు చేను ఉంటే ముందే మాట్లాడుకోండి. అసలు పోటీ వేర్లతోనే. మూడో ఏడు నుంచి ఏటా వానలకు ముందు, మానుకు మీటరు దూరంలో చేను వైపు 30 సెం.మీ. వెడల్పు, 60 సెం.మీ. లోతు కాలువ తీసి పక్క వేర్లు నరకండి. రెండు వైపులా ఒకే ఏడు తీస్తే చెట్టు పట్టు తప్పుతుంది.

పెద్దమాను లేత ఆకులను వానాకాలంలో గొంగళి పురుగులు గూడు కట్టి తినేస్తాయి. గూళ్లు కనపడిన వెంటనే కొమ్మలతో సహా తుంచి కాల్చేయండి. మేతకు కోసే చెట్లపై పురుగుమందు కొట్టవద్దు.