"పాలపళ్ళే కదా, ఊడిపోతాయిలే" అని మాత్రం అనుకోకండి

మీ పాపకి నాలుగేళ్ళనీ, దవడపళ్ళు రెండు అప్పుడే నల్లబడ్డాయనీ రాశారు. ఏ పేస్ట్ వాడితే మిగతావి పుచ్చిపోకుండా ఉంటాయి, ఎలాగూ ఊడిపోయే పాలపళ్ళకి ఫిల్లింగ్ చేయించడం దండగ కాదా, పెద్దవాళ్ళం మేమేం జాగ్రత్త పడాలి అని అడిగారు. పేస్ట్ సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ "ఎలాగూ ఊడిపోయే" అన్న మాట గురించి మాట్లాడాలి, ఎందుకంటే ఆ మాట వల్ల మా మేనల్లుడు పడ్డ బాధ నేను దగ్గరుండి చూశాను.

వాడికప్పుడు ఐదు నిండి ఆరు నడుస్తోంది. కింది దవడలో ఎడమవైపు పాలపన్ను మీద చిన్న నల్ల చుక్క కనిపిస్తే అక్క వెంటనే పళ్ళ డాక్టరుకి చూపించింది. ఆయన కుర్చీలో కూడా కూర్చోబెట్టకుండా టార్చ్ వేసి చూసి, "పాలపన్నే కదమ్మా, ఎలాగూ ఊడిపోతుంది, నొప్పి వస్తే అప్పుడు చూద్దాం" అని పంపించేశాడు. డాక్టరే అలా అన్నాక ఇంట్లో ఇంకెవరు మాత్రం ఏమంటారు? వాళ్ళ నానమ్మగారు కూడా "మా పిల్లలకీ అలాగే పుచ్చి ఊడిపోయాయి, ఏమైంది" అన్నారు. కొన్నాళ్ళకి వాడు ముద్దని కుడి బుగ్గలోనే పెట్టుకుని నమలడం మొదలుపెట్టాడు. చల్లటి నీళ్ళిస్తే తల ఒక పక్కకి వంచి తాగేవాడు. మారాం చేస్తున్నాడనుకున్నారు అందరూ. ఆ వయసు పిల్లలు చాలామంది నొప్పి అని చెప్పరు, నొప్పి లేని వైపుకి మారిపోతారు, అంతే.

ఒక రాత్రి అక్క ఫోన్ చేసింది. వెళ్ళేసరికి వాడి ఎడమ బుగ్గ కంటి కింద దాకా వాచిపోయి, ఒళ్ళు కాలిపోతోంది. ఎత్తుకుంటే తల నా భుజం మీద ఆనించకుండా మెడ నిలబెట్టే ఉంచాడు, ఎక్కడ తగులుతుందో అని. "మామయ్యా, ముట్టుకోవద్దు" అని ఒక్క మాట. ఏడవడానికి నోరు తెరిచినా నొప్పే కాబట్టి ఏడుపు కూడా లేదు. నేను చాలామందిని ఆసుపత్రులకి తీసుకెళ్ళాను గానీ, ఆ మౌనం చూసినంత టెన్షన్ ఎప్పుడూ పడలేదు.

తెల్లారగానే వేరే డాక్టరు దగ్గరికి, పిల్లల పళ్ళు మాత్రమే చూసే ఆవిడ దగ్గరికి వెళ్ళాం. ఎక్స్‌రే తీసి మా ముందు పెట్టి వివరంగా చూపించింది. పైకి కనిపించే చుక్క చిన్నదే గానీ, లోపల పుచ్చు నరం దాకా వెళ్ళిపోయి వేళ్ళ దగ్గర చీము పట్టింది. సరిగ్గా ఆ చీము కిందే తెల్లగా ఒక పన్ను ఆకారం. "ఇదిగో, మీరు వస్తుందిలే అంటున్న కొత్త పన్ను ఇదే, ఈ చీము పక్కనే తయారవుతోంది" అంది. పైనున్న పాలపన్ను పదో పదకొండో ఏడు దాకా ఉండాల్సింది. అది ముందే పోతే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి జరుగుతాయి, కింద నుంచి వచ్చేదానికి చోటుండదు, తర్వాత పళ్ళు వంకర అని క్లిప్పులు పెట్టించుకోవాలి. పన్ను తీయక తప్పలేదు. ఖాళీ మూసుకుపోకుండా పక్క పంటికి చిన్న తీగ చుట్టు బిగించారు. చుక్కగా ఉన్నప్పుడే పుచ్చు గీకి ఫిల్లింగ్ పెట్టి ఉంటే ఇంత కథ ఉండేది కాదు. కాబట్టి దండగ కాదా అన్నదానికి నా జవాబు: కానే కాదు. పాలపళ్ళ మీద ఎనామెల్ అనే గట్టి పైపొర పల్చగా ఉంటుంది, పుచ్చు పెద్దవాళ్ళ పళ్ళలో కంటే తొందరగా లోపలికి దిగుతుంది. "నొప్పి వస్తే చూద్దాం" అనడం అంటే నరం దాకా వెళ్ళనిద్దాం అనడమే.

అసలు నేను చెప్పాలనుకున్నది వాపు తగ్గాక మళ్ళీ వెళ్ళినప్పుడు జరిగింది. ఆవిడ వాడికి బ్రష్ ఇచ్చి, "నీకు వచ్చినట్టు బాగా తోముకుని రా నాన్నా" అంది. వాడు వాష్‌బేసిన్ దగ్గర ఓపిగ్గా తోముకుని వచ్చి పళ్ళన్నీ చూపించాడు. చూస్తే శుభ్రంగానే ఉన్నాయి. అప్పుడావిడ దూదితో ఏదో గులాబీ రంగు ద్రవం పళ్ళకి అద్ది, ఒకసారి పుక్కిలించమని అద్దం చేతికిచ్చింది. ముందుపళ్ళ నడిమి భాగం తెల్లగా ఉంది. చిగురుని ఆనుకుని ఉన్న అంచు పొడుగునా ముదురు గులాబీ గీత. నాలుక వైపు కింది పళ్ళన్నీ గులాబీయే. దవడపళ్ళ మీద గాడుల్లోనయితే రంగు ఊదాకి తిరిగింది. పాచి ఉన్న చోటే ఆ రంగు పట్టుకుంటుందట. వాడు అప్పుడే తోముకున్న పళ్ళండీ అవి! తర్వాత ఆవిడ వాడి బుగ్గ వెనక్కి లాగి, చివరి పాలపన్ను వెనకాల చిగురులోంచి సగమే పైకొచ్చిన ఒక పన్ను చూపించింది. దానికి ఒళ్ళంతా రంగే. "ఇది పాలపన్ను కాదు. ఏ పన్నూ ఊడకుండానే వెనక నుంచి వస్తుంది కాబట్టి చాలామంది పాలపన్నే అనుకుంటారు. జన్మంతా ఉండాల్సింది ఇదే" అంది.

దాదాపు ఆరేళ్ళప్పుడు వచ్చే ఆ దవడపన్ను గురించి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మీ పాపకి ఇంకా టైముంది కాబట్టి ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు వస్తాయి. పూర్తిగా పైకి రావడానికి నెలలు పడుతుంది, అన్నాళ్ళూ పక్క పళ్ళ కంటే కిందికే ఉంటుంది కాబట్టి బ్రష్ దాన్ని తాకకుండానే దాటిపోతుంది. బ్రష్‌ని అడ్డంగా, బుగ్గ వైపు నుంచి పెట్టి మరీ తోమాలి. అది బయటికి వచ్చాక గాడులు పూడ్చేలా సీలెంట్ అని ఒక పూత వేస్తారు, సూది లేదు, డ్రిల్లింగ్ లేదు. అడిగి వేయించండి. అడగకుండా చెప్పే డాక్టర్లు నాకు తక్కువే తగిలారు.

ఇంకో మాట, ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా ఏ పిల్లా పిల్లవాడూ సొంతంగా సరిగ్గా తోముకోలేరు. చెయ్యి అలా తిరగదు. పొద్దున వాళ్ళని తోముకోనివ్వండి, సరదా తీరుతుంది. రాత్రి మాత్రం పెద్దవాళ్ళు తోమాల్సిందే. తల మన ఒళ్ళో పెట్టుకుని పడుకోబెడితే నోరంతా కనిపిస్తుంది. నన్నడిగితే పిల్లల పళ్ళు పాడయ్యేది చాలావరకు రాత్రిపూటే. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, పళ్ళని కరిగించే ఆమ్లాన్ని కడిగేసేది అదే కదా. పడుకునే ముందు తోమాక మంచినీళ్ళు తప్ప ఏదీ ఇవ్వకూడదు. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లలకి ముందు పైవరస ముందుపళ్ళే ఎందుకు పోతాయో తెలుసా? కింది పళ్ళని నాలుక, లాలాజలం కాస్త కాపాడతాయి, పైవాటికి ఆ అండ లేదు. తీపి దగ్గుమందు కూడా తోమకముందే పట్టేయాలి.

ఇక తీపి. "స్వీట్లు ఎక్కువ తింటున్నాడు" అని ఎంత తిన్నాడో లెక్కపెడతారు గానీ ఎన్నిసార్లు తిన్నాడో ఎవరూ చూడరు. పాచిలో ఉండే బ్యాక్టీరియా చక్కెర దొరికిన నిమిషాల్లోనే ఆమ్లం తయారుచేస్తుంది. పీహెచ్ (తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని చెప్పే కొలత) దాదాపు 5.5 కంటే కిందికి పోతే ఎనామెల్‌లోంచి ఖనిజాలు కరగడం మొదలవుతుంది. మళ్ళీ మామూలు స్థితికి రావడానికి అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఒక చాక్లెట్ ఒకేసారి తినేస్తే ఒక్క దెబ్బ. అదే గంటకొక ముక్క చొప్పున రోజంతా కొరికితే పంటికి కోలుకునే సందే లేదు. ఇది ఎప్పుడో తేలిపోయిన సంగతి. స్వీడన్‌లో విపెహోల్మ్ అనే సంస్థలో 1940ల్లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి పరీక్షించారు. భోజనంతో పాటు తీపి తిన్నవాళ్ళకి పెద్దగా తేడా రాలేదు, భోజనాల మధ్యలో పళ్ళకి అంటుకునే టాఫీలు తిన్నవాళ్ళ పళ్ళు ఘోరంగా పుచ్చిపోయాయి. ఆ టాఫీలు తినిపించింది మానసిక వైకల్యం ఉన్న రోగులకి, వాళ్ళ అనుమతి కూడా లేకుండా. తలుచుకుంటే కోపం వస్తుంది నాకు. అంతమంది నిస్సహాయుల పళ్ళు పాడుచేసి తెలుసుకున్న విషయాన్ని ఇప్పటికీ మనం పట్టించుకోకపోవడం ఇంకా అన్యాయం. హోంవర్క్ చేస్తే టాఫీ, ఏడుపు ఆపితే టాఫీ, ఇంటికి ఎవరొచ్చినా చేతిలో టాఫీ. బిస్కెట్లు తీపి కాదనుకునేవాళ్ళు కూడా ఉన్నారు, అవి పళ్ళ గాడుల్లో ఇరుక్కుని ఎంతసేపుంటాయో వేలితో తీసి చూస్తే తెలుస్తుంది.

"మాట వినకపోతే డాక్టరు పన్ను పీకేస్తాడు" అని పిల్లల్ని భయపెట్టే అలవాటు కూడా దయచేసి మానేయండి. మా వాడు మొదటిసారి డాక్టరు ముందు నోరు తెరవనని మొండికేయడానికి కారణం అదే. నొప్పి లేనప్పుడే ఒకసారి ఊరికే కుర్చీ ఎక్కించి చూపించుకొస్తే, తర్వాత అవసరం పడ్డప్పుడు భయం ఉండదు. మొదటి పుట్టినరోజు నాటికే ఒకసారి చూపించడం మంచిది.

పేస్ట్ సంగతి. కంపెనీ ఏదైనా ఒకటే, డబ్బా మీద ఫ్లోరైడ్ ఎంతుందో చూడండి. పిల్లలకైనా పెద్దవాళ్ళకైనా కనీసం 1000 పీపీఎం (అంటే పది లక్షల భాగాల్లో వెయ్యి భాగాలు) ఉండాలి. మూడేళ్ళ లోపు వాళ్ళకి బియ్యం గింజంత, ఆ పైన ఆరేళ్ళ దాకా బఠానీ గింజంత చాలు. ప్రకటనల్లో బ్రష్ పొడుగునా పేస్ట్ పరిచి చూపిస్తారే, అది చూసి పిల్లలకి వేయకండి. పళ్ళు తయారయ్యే వయసులో రోజూ ఎక్కువ మింగితే కొత్త పళ్ళ మీద తెల్ల మచ్చలు వస్తాయి. ఆ భయంతోనే కొందరు ఫ్లోరైడ్ లేని పిల్లల పేస్టులు కొంటారు, అదీ తప్పే. పరిమాణం తగ్గించాలి గానీ ఫ్లోరైడ్ మానేయకూడదు. తోమాక నురగ ఉమ్మేసి వదిలేయండి. నీళ్ళతో పదిసార్లు పుక్కిలిస్తే పంటికి పట్టాల్సిన ఫ్లోరైడ్ అంతా బేసిన్ పాలవుతుంది. పుచ్చు మొదలయ్యేది నల్లగా కాదు, చిగురు అంచున సున్నం లాంటి తెల్ల మచ్చగా. ఆ దశలోనయితే ఫ్లోరైడ్‌తో పన్ను మళ్ళీ గట్టిపడుతుంది, గుంట పడ్డాక ఏ పేస్టూ పూడ్చలేదు.

పెద్దవాళ్ళ గురించి అడిగారు కదా. మా బావకి తోముకున్నప్పుడల్లా చిగుళ్ళలోంచి రక్తం వచ్చేది, రక్తం వస్తోందని ఆ చోట తోమడమే మానేశాడు. ఇలా చేసేవాళ్ళు చాలామంది. రక్తం వచ్చేది చాలావరకు పాచి పేరుకుని చిగురు వాచినందువల్లే, అక్కడే మెత్తటి బ్రష్‌తో ఇంకా శ్రద్ధగా తోమాలి. పాచి గట్టిపడి గారగా మారాక బ్రష్‌కి రాదు, క్లీనింగ్ చేయించాల్సిందే. "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయి" అన్నది వట్టి అపోహ. గార తీసేశాక అప్పటిదాకా అది దాచిన ఖాళీ బయటపడుతుంది, అంతే. షుగర్ ఉన్నవాళ్ళకి చిగుళ్ళ జబ్బు త్వరగా ముదురుతుంది, చిగుళ్ళ జబ్బు ముదిరితే షుగర్ అదుపులోకి రావడమూ కష్టమే, కాబట్టి వాళ్ళు అసలు వాయిదా వేయకూడదు. బీపీకో అలర్జీకో వాడే కొన్ని మందులతో నోరు ఎండిపోతుంది, అలాంటివాళ్ళకి చిగురు కిందికి జారిన చోట పళ్ళ వేర్లు పుచ్చిపోతుంటాయి. పంటికీ పంటికీ మధ్య బ్రష్ దూరదు, రాత్రి ఒకసారి ఫ్లాస్ దారం వాడండి. ఇక పన్ను నొప్పికి మందుల షాపులో యాంటీబయాటిక్ కొనుక్కుని మింగడం ఆపండి. పుచ్చు అలాగే ఉంటుంది, ఆ మందు నాలుగు రోజులు నొప్పి నోరు మూయిస్తుంది, అంతే.

మీ పాప విషయంలో మాత్రం ఈ వారంలోనే తీసుకెళ్ళండి. నల్లబడ్డ ఆ రెండింటికీ ఎక్స్‌రే తీయమనండి, నరం దాకా వెళ్ళకపోతే ఫిల్లింగ్‌తో సరిపోవచ్చు. పాప కుర్చీలో కుదురుగా కూర్చోదనుకుంటే సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే ద్రవం గురించి అడగండి. డ్రిల్లింగ్ లేకుండా పుచ్చు మీద పూస్తారు, చాలా పళ్ళలో పుచ్చు అక్కడితో ఆగిపోతుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో కూడా చేర్చింది. పూసిన చోట నల్లగా శాశ్వతంగా ఉండిపోతుంది, వెనక దవడపళ్ళే కాబట్టి మీకు అభ్యంతరం ఉండకపోవచ్చు. "ఊడిపోయేవే కదా" అని ఆ డాక్టరూ అంటే ఇంకో డాక్టరుకి చూపించండి.