పర్షియన్ పిల్లికి జుట్టు ఉండలు కడుతుంటే స్నానం చేయించాలా?

స్నానం చేయిస్తే ఉండలు వదులుతాయా అని వైజాగ్ నుంచి ఒకరు అడిగారు. వదలవండి, ఇంకా బిగుస్తాయి. తడిసిన ఉండ ఆరేసరికి రాయిలా తయారవుతుంది. ముందు చిక్కు తీయాలి, నీళ్ల సంగతి తర్వాత.

మాదీ వైజాగే, ఎంవీపీ కాలనీ. మా ఇంట్లో ఉన్నదీ పర్షియనే. ఇక్కడి ఉక్కపోతకి తువ్వాళ్లే ఓ పట్టాన ఆరవు, ఇక దీని జుట్టు సంగతి చెప్పాలా! వీపు నున్నగా కనిపిస్తుంది కదా అని వదిలేయొద్దు. చెవుల వెనక, ముందు కాళ్ల చంకల్లో, పొట్ట కింద చేత్తో తడిమి చూడండి. ఉండలన్నీ అక్కడే ఉంటాయి.

ఉండ దొరికితే దానికీ చర్మానికీ మధ్య వెంట్రుకల మొదళ్లు ఎడమ చేతి వేళ్లతో గట్టిగా పట్టుకోండి. అలా పడితే దువ్వెన లాగినా చర్మానికి నొప్పి తెలియదు. కాస్త కార్న్‌ఫ్లోర్ చల్లి, వేళ్లతో మెల్లగా విడదీసి, పళ్లు దూరంగా ఉన్న స్టీలు దువ్వెనతో చివర్ల నుంచి మొదలుకి రావాలి. తోక టపటపా కొడుతుందంటే ఆ పూటకి ఆపేయండి, మిగతాది రేపు. కత్తెర జోలికి మాత్రం వెళ్లొద్దు. పిల్లి చర్మం చాలా పల్చన, ఉండతో పాటే పైకి లేస్తుంది, ఏది జుట్టో ఏది చర్మమో తెలియదు. చర్మానికి అంటుకుపోయినవి ఉంటే డాక్టర్ దగ్గర ట్రిమ్మర్‌తో తీయించడమే.

అసలు రోజూ కాసేపు దువ్వితే ఇంత దూరం రాదు. "పిల్లికి బ్యూటీపార్లరేంట్రా" అని నవ్వే మా అమ్మే ఇప్పుడు సీరియల్ చూస్తూ ఒళ్లో పెట్టుకుని దువ్వుతోంది.

గోళ్లకి టెన్షన్ పడక్కర్లేదు. వేలి మెత్త మీద నొక్కితే గోరు బయటికొస్తుంది. లోపల గులాబీ రంగులో కనిపించేది రక్తనాళం, దాన్ని తాకకుండా తెల్లటి కొన మాత్రమే కత్తిరించాలి. ఒకే రోజు నాలుగు కాళ్లూ పూర్తిచేయాలని రూలేం లేదు.

స్నానం అరుదుగా చాలు, అదీ పిల్లుల షాంపూతోనే. మన షాంపూ దాని చర్మానికి పడదు. మొదళ్లు తడిగా ఉండిపోకుండా పూర్తిగా ఆరబెట్టండి. ఈ తేమలో ఫంగస్ పట్టిందంటే గుండ్రంగా జుట్టు ఊడుతుంది, అది ఇంట్లో వాళ్లకీ తామరలా అంటుకుంటుంది.

ఇంకో మాట. దువ్వేటప్పుడు పేలో గోమార్లో కనిపిస్తే కుక్కల మందు వాడేయకండి. వాటిలో కొన్నింట్లో ఉండే పర్మెత్రిన్ పిల్లులకి విషం. వణుకు, ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదకీ రావచ్చు. సీసా మీద "పిల్లులకు" అని రాసి ఉన్నదే, అదీ దాని బరువు చెప్పి డాక్టర్‌ని అడిగాకే కొనండి.