ముందు గీత విలువ చూడు

పెదవాల్తేరు,
విశాఖపట్నం

చిన్నా,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట రెండ్రోజులుగా నా చెవిలోనే తిరుగుతోంది. "ఇన్సులిన్ సూదికి భయం లేదు మావయ్యా, ఆ అంకెలు చూస్తేనే టెన్షన్. పదో తరగతిలో లెక్కలు తప్పినవాణ్ని, ఈ వయసులో మళ్లీ ఏంటి నాకీ పరీక్ష" అన్నావు. ఫోన్లో చెబితే గాజువాక ట్రాఫిక్‌లో సగం ఎగిరిపోతుందని రాస్తున్నాను. ఈ కాగితం సిరంజీల డబ్బాలో పెట్టుకో.

లెక్కలు రావని అనకు. చీటీ పాటలో తలకి ఎంత వస్తుందో కాగితం లేకుండా చెప్పేవాడివి. ఇన్సులిన్‌కి అంతకన్నా పెద్ద లెక్క అక్కర్లేదు. అయినా మనం ఎక్కడ బోల్తా పడతామంటే, ఆ అంకె దేనిదో చూసుకోం. నా కథే చెబుతాను, నవ్వకు.

షిప్‌యార్డులో 34 ఏళ్లు ఫిట్టర్ పని చేశాను. సన్నటి కొలతలు తీసే వెర్నియర్ చేతికిస్తే మా ఛార్జ్‌మన్ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "చిన్న గీత విలువెంత?" అది చెప్పకుండా కొలత చెబితే చెవి మెలిపెట్టేవాడు. అలాంటి చేతులతో నేను నాలుగు రోజులు తప్పు సిరంజి వాడాను. నాకు పొద్దున 20 యూనిట్లు. ఎప్పుడూ కొనేది ఎర్ర మూత సిరంజి. ఆ రోజు మందుల షాపులో అది లేదు. కుర్రాడు నారింజ మూతది ఇచ్చి "ఏదైనా ఒకటే పెద్దాయనా" అన్నాడు. నేనూ ఒకటే అనుకుని 20 గీత దాకా లాగాను. షుగరు 260, 290. ముందు ఉప్మా మీద అనుమానపడ్డాను. తర్వాత మందు పాడైందన్నాను. ఆఖరికి మీ అత్త మీద అరిచాను, టీలో పంచదార వేస్తున్నావా అని.

నాలుగో రాత్రి ట్యూబ్‌లైటు కింద రెండు సిరంజీలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఎర్రదాంట్లో 10కీ 20కీ మధ్య పది గళ్లు. నారింజదాంట్లో ఐదే. నా చెవి నేనే మెలిపెట్టుకున్నాను.

సంగతి ఇది. మనం కొనే సీసాలో మందు సాధారణంగా మిల్లీలీటరుకి 40 యూనిట్లు. దానికి ఎర్ర మూత సిరంజి. నారింజ మూతది మిల్లీలీటరుకి 100 యూనిట్లుండే మందు కోసం చేసింది. అందులో 20 గీత అంటే 0.2 మిల్లీలీటరు. 40 సీసా నుంచి అంత లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. ఆ నాలుగు రోజులూ సగం డోసు కూడా పడలేదన్నమాట. ఇందులో ఇంకో ప్రమాదం ఉంది. నేను గనక ఆ రీడింగులు పట్టుకెళ్లి చూపిస్తే డాక్టరు గారు డోసు పెంచేవారు. మర్నాడు షాపుకి ఎర్ర సిరంజి వచ్చేది. అప్పుడు పెంచిన డోసంతా ఒంట్లోకి వెళ్లి షుగరు పడిపోయేది, అదీ నాకు అసలు దెబ్బ!

దీనికి తిరగేసిన తప్పు ఇంకా చెడ్డది. ఇన్సులిన్ పెన్నులో వేసే కార్ట్రిడ్జ్‌లో (మందు గొట్టంలో) మందు 100ది. పెన్ను పాడైందని అందులోంచి ఎర్ర సిరంజితో 20 గీత దాకా లాగావనుకో, 50 యూనిట్లు వెళ్తాయి. ఎంత అవసరమొచ్చినా ఆ పని చెయ్యకు.

నీ సీసా మీద ఇంకా అంకెలుంటాయి. 40 ఒకటి. 30/70 అని ఉంటే, అది త్వరగా పనిచేసే రకం 30 శాతం, నెమ్మదిగా పనిచేసేది 70 శాతం కలిపారని. 10 మిల్లీలీటర్లంటే సీసా పరిమాణం. ఈ మూడింటిలో ఏదీ నీ డోసు కాదు. నీ డోసు డాక్టరు గారి చీటీ మీద ఉంది. దాన్ని నీ అంతట నువ్వు మార్చొద్దు.

సీసా ఎన్ని రోజులొస్తుందో కూడా లెక్క వేసి పెట్టుకో. పది నలభైలు 400 యూనిట్లు. నాకు పొద్దున 20, రాత్రి 8, రోజుకి 28. రెండు వారాలు. ఇది నాకు నేర్పింది 2014 అక్టోబర్ 12న వచ్చిన హుద్‌హుద్ తుఫాను. చెట్లన్నీ రోడ్ల మీద, కరెంటు లేదు, షాపులు మూత. సీసా తెరిచిన తేదీ నేను రాసుకోలేదు. మూడో రోజు సాయంత్రానికి అడుగంటింది. జనరేటర్ వేసుకున్న షాపు దొరికేదాకా చెట్ల మీంచి ఎక్కి దిగుతూ నడిచాను. కొత్త సీసాని ఒక డబ్బాలో పెట్టి, డబ్బాని మట్టికుండలో పెట్టి, కుండకి తడిగుడ్డ చుట్టి కాపాడింది మీ అత్తే. అప్పటినుంచి తెరిచిన తేదీ, అయిపోయే తేదీ రెండూ లేబుల్ మీద పెన్నుతో రాస్తున్నాను. ఫ్రిజ్‌లో ఒకటి అదనంగా ఉంటుంది.

షుగరు చూసుకునే మీటర్ సంగతికొస్తాను. మా వాకింగ్ బ్యాచ్‌లో ఒకాయనకి కొడుకు ఆస్ట్రేలియా నుంచి మీటర్ పంపాడు. మొదటిరోజే 8.4 చూపించింది. షుగరు ఎనిమిదికి పడిపోయిందని పాపం గుప్పెడు బెల్లం తిన్నాడు! అక్కడి కొలత వేరు, దాన్ని 18తో గుణిస్తే మనది వస్తుంది. 151. నీ మీటర్ తెర మీద అంకె పక్కన చిన్న అక్షరాలుంటాయి, అవి చదువు: mg/dL అంటే మన కొలత, mmol/L అంటే అక్కడిది.

ఇంకోటి, మీటర్ వెర్నియర్ కాదు. మంచి మీటర్‌కే 15 శాతం అటూ ఇటూ ఒప్పుకుంటారు. 200 అని చూపిస్తే అసలుది 170 కావచ్చు, 230 కావచ్చు. అందుకని 182 నిన్న, 190 ఇవాళ అని నిద్ర మానుకోవద్దు. నాలుగైదు రోజులు ఒకే వేళకి ఒకేలా ఎక్కువ వస్తుంటే అప్పుడు డాక్టరు గారికి చూపించు. పుస్తకంలో ఉత్త 186 అని రాస్తే ఎవరికీ పనికిరాదు. పరగడుపా, తిన్నాకా, ఏం తిన్నావు అన్నది పక్కనే రాయాలి. తిన్నాక రెండు గంటలంటే మొదటి ముద్ద నుంచి లెక్క, చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు.

షుగరు 70 కన్నా తగ్గితే మాత్రం ఆలోచించకు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగు, 15 నిమిషాలు వాచీ చూసుకుని ఆగు, మళ్లీ పరీక్ష చేసుకో. తగ్గే ఉంటే ఇంకోసారి తాగు. ఆ 15 నిమిషాలు ఆగడమే కష్టం. చేతులు వణుకుతుంటే కనిపించిందల్లా తినబుద్ధేస్తుంది. ఒకసారి నేను మాడుగుల హల్వా డబ్బా ముందేసుకున్నాను. నెయ్యి వల్ల అది త్వరగా ఎక్కదు, ఎక్కాక 300 దాటింది. బీచ్ రోడ్డుకి నడకకి వెళ్లినా చొక్కా జేబులో పంచదార పొట్లం ఉంటుంది నాకు.

తిండి దగ్గర పెద్ద శాస్త్రం వద్దు. ఒక్కరోజు నీ అన్నం గిన్నె తూకం వేసి చూడు. వండిన అన్నం 100 గ్రాముల్లో 28 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. నేను తూస్తే, "కొంచెమే తింటున్నా" అనుకున్నది 350 గ్రాములు తేలింది. చోళ్ల (రాగుల) అంబలి మంచిదే. కానీ చోళ్ల పిండిలోనూ నూటికి దాదాపు 70 గ్రాములు పిండిపదార్థమే, చెంబుడు తాగితే ఊరుకోదు. షుగర్ ఫ్రీ బిస్కెట్ ప్యాకెట్ వెనక షుగర్ వరస చూడకు, కార్బోహైడ్రేట్ వరస చూడు, పిండిపదార్థమంటే అదే. అదీ 100 గ్రాములకా, రెండు బిస్కెట్లకా అన్నది ముందు చూడు.

మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్షలో 7 వస్తే సగటు షుగరు 154 అన్నమాట, 8 వస్తే 183. "ఒక్క పాయింటే కదా" అని మీ నాన్న అనేవాడు.

ఆదివారం నువ్వూ అమ్మాయీ భోజనానికి రండి. సీసా, మీటర్, పుస్తకం తెచ్చుకో. అత్త వంజరం పులుసు పెడతానంది. అన్నం గిన్నె నేను తూస్తాను. ఈలోగా ఒక్క పని చెయ్యి. ఉత్తరం అందగానే డబ్బా తెరిచి, సిరంజి మూత ఏ రంగో, సీసా మీద 40 ఉందో 100 ఉందో చూసి నాకు ఫోన్ చెయ్యి.

మీ మావయ్య