టెక్ సందేహాలు: ముందు వరుస చూడండి, తర్వాత సాఫ్ట్‌వేర్

ఈ వారం మెయిల్ బాక్స్ నిండా ప్రాజెక్టు టెన్షనే. ఎం.ఏ. ఎకనామిక్స్ వాళ్లు, పీహెచ్‌డీ వాళ్లు, మధ్యలో ఒక మెడికల్ షాపాయన. అందరూ అడిగేది ఒకటే: "ఏ సాఫ్ట్‌వేర్ వాడమంటారు?" దాని సంగతి తర్వాత చూద్దాం. మీ షీట్‌లో ఒక్కో వరుస దేని గురించి చెబుతోంది? ఒకే సమయంలో చాలామంది గురించా (క్రాస్ సెక్షన్), ఒక్కరి గురించే ఏళ్ల తరబడా (టైమ్ సిరీస్), అదే చాలామంది గురించి ఏళ్ల తరబడా (ప్యానెల్)? అది తేలితే సగం పని అయిపోయినట్టే.

జిల్లాల వరి దిగుబడి, వర్షపాతం లెక్కలు 2010 నుంచి సేకరించాను. గ్రెటల్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరవగానే దీన్ని క్రాస్ సెక్షన్‌గా తీసుకున్నానని చెప్పి, టైమ్ సిరీస్‌గానో ప్యానెల్‌గానో మార్చాలా అని అడుగుతోంది. 'నో' నొక్కినా రిగ్రెషన్ (ఒకదానితో ఇంకోదాని సంబంధం లెక్కగట్టే పద్ధతి) వస్తోంది. వదిలేయొచ్చా సార్?
*– ఎం.ఏ. విద్యార్థిని, తార్నాక*

వదిలేయొద్దమ్మా. మీది ప్యానెల్ డేటా. అవే జిల్లాలను ఏటా మళ్లీ మళ్లీ కొలిచారు. 'నో' అంటే ఆదిలాబాద్ 2010, ఆదిలాబాద్ 2011 ఒకదానికొకటి సంబంధం లేని రెండు జిల్లాలని చెప్పినట్టు. టైమ్ సిరీస్ అంటే ఇంకా పెద్ద చిక్కు. కిందటేడు వర్షం ప్రభావం చూద్దామని ల్యాగ్ (ముందటి ఏడాది అంకె) తీస్తే, సాఫ్ట్‌వేర్ గుడ్డిగా పై వరుసను తెచ్చుకుంటుంది. మీ షీట్‌లో ఆదిలాబాద్ తర్వాత నిజామాబాద్ ఉంటే, నిజామాబాద్ మొదటి సంవత్సరానికి 'కిందటేడు' ఆదిలాబాద్ చివరి సంవత్సరమైపోతుంది. ఎర్రర్ మెసేజ్ కూడా రాదు. డేటా మెనూలో డేటాసెట్ స్ట్రక్చర్‌కి వెళ్లి, ప్యానెల్ ఎంచుకుని, జిల్లా కోడ్, సంవత్సరం కాలమ్‌లు చూపించండి. అప్పుడు ల్యాగ్ జిల్లా గీత దాటదు.

మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో సంవత్సరాలు అడ్డంగా, ఒక్కోటి ఒక్కో కాలమ్‌గా ఉన్నాయి. ముందు వాటిని నిలువుగా పేర్చాలి. చేత్తో కాపీ, పేస్ట్ చేయకండి. ఎక్సెల్ పవర్ క్వెరీలో జిల్లా కాలమ్ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ కొట్టి, 'అన్‌పివట్ అదర్ కాలమ్స్' అనండి. క్షణంలో అయిపోతుంది.

ఇది బటన్ సంగతి. అసలు తిప్పలు మన జిల్లాలతోనే. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. హద్దులు మారినా పేర్లు కొన్ని అవే. 2015లో వరంగల్ అంటే ఉమ్మడి జిల్లా మొత్తం. 2016లో అది ముక్కలై, ఆ పేరు వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అనే రెండింటికే మిగిలింది. 2021లో అర్బన్‌కి హనుమకొండ అని, రూరల్‌కి వరంగల్ అని పేరు పెట్టారు. మీ షీట్‌లో మాత్రం పైనుంచి కింది దాకా 'వరంగల్' అనే ఉంది. సాగు విస్తీర్ణం ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపిస్తే, కరువొచ్చిందని థీసిస్‌లో రాసేరు! కొత్త జిల్లాలను కలిపేస్తే పాత జిల్లా వస్తుందనీ అనుకోవద్దు. ఒక్క సిద్దిపేటలోకే పాత మెదక్ నుంచి, కరీంనగర్ నుంచి, వరంగల్ నుంచి మండలాలు వచ్చాయి. అందుకని మండలాల లెక్కలు తీసుకుని, ఏ మండలం పాత 10 జిల్లాల్లో దేనిదో పక్కన ఒక కాలమ్‌లో రాసుకుని, అక్కడి నుంచి కూడండి. విసుగు పుట్టే పనే, కానీ మీ ప్రాజెక్టులో నాకు విలువైనదిగా కనిపించేది ఇదే.

అంత ఓపిక లేదంటే పటాన్‌చెరు దగ్గరి వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ల జిల్లాస్థాయి డేటాబేస్ చూడండి, ఉచితమే. అందులో పాత హద్దులకు సర్దిన లెక్కలు, సర్దనివి రెండూ దొరుకుతాయి. సర్దినవి 1966 నాటి హద్దుల ప్రకారం ఉంటాయి కాబట్టి, 1978లో ఏర్పడిన రంగారెడ్డి కోసం వాటిలో వెతక్కండి.

మెడికల్ షాపు బిల్లింగ్ డేటా మూడేళ్లది ఉంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు వచ్చే ఎండాకాలం ఎన్ని తెప్పించాలో ఎక్సెల్ చెబుతుందా?
*– వ్యాపారి, కూకట్‌పల్లి*

చెబుతుంది. మీది అచ్చమైన టైమ్ సిరీస్: ఒకే షాపు, ఒకే సరుకు, తేదీల వరుస. ఎక్సెల్ 2016 లేదా ఆ తర్వాతిదైతే డేటా ట్యాబ్‌లో 'ఫోర్‌కాస్ట్ షీట్' ఉంటుంది. అయితే దాని ఆప్షన్స్ తెరవకుండా ఓకే కొట్టకండి. ఒకే తేదీన పది బిల్లులుంటే అది వాటిని కూడదు, సగటు తీస్తుంది. అక్కడ 'యావరేజ్' తీసి 'సమ్' పెట్టాలి. బిల్లు లేని రోజు వరుసే లేకపోతే, అటూ ఇటూ రోజులు చూసి తనే ఒక అంకె ఊహించి నింపుతుంది. ఈ గొడవంతా ఎందుకు, ముందే పివట్ టేబుల్‌తో వారం వారం మొత్తాలు వేసుకుని, సీజనాలిటీ (సీజన్ ఎన్ని వారాలకోసారి తిరిగొస్తుందో) దగ్గర 52 అని మీరే ఇవ్వండి. మూడేళ్లుంటే మూడు ఎండాకాలాలు దొరుకుతాయి, పనికొస్తుంది.

ఒక్క విషయం ఎక్సెల్‌కి తెలియదు. ఏ మే నెలలోనో స్టాక్ అయిపోయి అమ్మకం సున్నా పడిందనుకోండి, గిరాకీ లేదని కాదు కదా. అలాంటి వారాలు మీకే గుర్తుంటాయి. పక్కన మార్క్ చేసి, ఆ సున్నాలను అలాగే ఇవ్వకండి.

జీడీపీ, మొబైల్ కనెక్షన్ల మధ్య రిగ్రెషన్ చేస్తే ఆర్ స్క్వేర్డ్ (లెక్క ఎంత బాగా అతికిందో చెప్పే అంకె, గరిష్ఠం 1) 0.97 వచ్చింది. గైడ్ మెచ్చుకుంటారనుకుంటే మొహం చిట్లించారు.
*– పరిశోధక విద్యార్థి, గచ్చిబౌలి*

మీ గైడ్‌ది న్యాయమే. ఏటా పెరుగుతూ పోయే రెండు సిరీస్‌లను పక్కపక్కన పెడితే, వాటి మధ్య ఏమీ లేకపోయినా ఇలాంటి అంకెలు వస్తాయి. దీన్ని 1926లోనే గణాంక శాస్త్రవేత్త యూల్ ఎత్తిచూపారు. 1974లో ఆర్థికవేత్తలు గ్రేంజర్, న్యూబోల్డ్ కంప్యూటర్‌లో పుట్టించిన, ఒకదానితో ఒకటి సంబంధం లేని సిరీస్‌లతో మళ్లీ చేసి చూపించారు. యూనిట్ రూట్ టెస్ట్ (సిరీస్ ఒక స్థాయి చుట్టూ నిలవకుండా పోతోందా అని చూసే పరీక్ష) చేసి, అవసరమైతే ఏడాదికేడాది తేడాలు తీసి మళ్లీ నడపండి. 0.97 నిలబడితే అప్పుడు మాట్లాడదాం. ఇంకో చోట కూడా దెబ్బ తినొచ్చు. 2015లో జీడీపీ బేస్ ఇయర్ (ఏ ఏడాది ధరల్లో లెక్కగడతారో ఆ ఏడాది) 2004-05 నుంచి 2011-12కి మారింది. పాత సిరీస్ కింద కొత్త సిరీస్ అంటించేస్తే అతుకు దగ్గర గెంతు వస్తుంది. రెండు సిరీస్‌లలోనూ ఉన్న ఏడాదితో నిష్పత్తి తీసి కలపాలి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే రెండు రౌండ్లు ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-4, ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 ఫైళ్లు క్లస్టర్ (సర్వేకి ఎంచుకున్న ఊరు లేదా వార్డు భాగం) నంబర్, ఇంటి నంబర్ మీద మెర్జ్ చేశాను. చక్కగా మ్యాచ్ అయ్యాయి. ఇప్పుడు ప్యానెల్ అయినట్టేనా?
*– రీసెర్చ్ అసిస్టెంట్, బేగంపేట*

కాదు. వెంటనే ఆ ఫైల్ డిలీట్ చేయండి. 2015-16లో వెళ్లిన ఇళ్లు వేరు, 2019-21లో వెళ్లినవి వేరు. ప్రతి రౌండ్‌లో క్లస్టర్ నంబర్లు మళ్లీ కొత్తగా వేస్తారు. మీకు మ్యాచ్ అయిన రెండిళ్ల మధ్య చుట్టరికం, మీ గల్లీలో 12వ నంబర్ ఇంటికీ మా గల్లీలో 12వ నంబర్ ఇంటికీ ఉన్నంతే.

ఇలాంటిది పూల్డ్ క్రాస్ సెక్షన్. మెర్జ్ కాదు, అపెండ్ చేయాలి: ఒక ఫైల్ కింద ఇంకోటి, రౌండ్ ఏదో చెప్పే కాలమ్ ఒకటి అదనంగా. దీంతో ఐదేళ్లలో రాష్ట్రం సగటు ఎలా మారిందో చెప్పొచ్చు, ఫలానా కుటుంబం ఎలా మారిందో చెప్పలేం. వెయిట్ కాలమ్‌ని (ఒక్కో ఇల్లు లెక్కలో ఎంత బరువు మోస్తుందో చెప్పేది) 10 లక్షలతో భాగించడం మర్చిపోకండి, దశాంశం లేకుండా ఇస్తారు.

కుటుంబాల ప్యానెలే కావాలంటే ఐహెచ్‌డీఎస్ (ఇండియా హ్యూమన్ డెవలప్‌మెంట్ సర్వే) ఉంది. 2004-05లో కలిసిన కుటుంబాల్లో ఎక్కువమందిని 2011-12లో మళ్లీ కలిశారు. ఊరు చిన్నదైనా పర్వాలేదు, లోతు కావాలంటారా? ఇక్రిశాట్ గ్రామ అధ్యయనాలు 1975లో మొదలయ్యాయి, పాలమూరు పల్లెలు ఔరేపల్లి, డోకూరు మొదట ఎంచుకున్న ఊళ్లలోనివే. పేద రైతు అప్పు, పంట, కూలి లెక్కల మీద ప్రపంచమంతా వాడిన డేటా ఇది. మన పక్కనే ఉంటే మనవాళ్లు పెద్దగా తెరవరు, నాకదే వింత.

జిల్లా కోడ్ 01 అని ఉన్న సీఎస్‌వీ ఫైల్ తెరిస్తే ఎక్సెల్ దాన్ని 1 చేస్తోంది.
*– చాలామంది*

సీఎస్‌వీ ఫైల్‌ని డబుల్ క్లిక్ చేసి తెరవొద్దు. డేటా ట్యాబ్ నుంచి ఇంపోర్ట్ చేసి, ఆ కాలమ్‌ని టెక్స్ట్ అని చెప్పండి. పెద్ద సర్వే ఫైళ్లకైతే ఎక్సెల్ పనికిరాదు, 10,48,576 వరుసల దగ్గర ఆగిపోతుంది.

స్టాటా (డబ్బు కట్టి కొనాల్సిన గణాంకాల సాఫ్ట్‌వేర్) క్రాక్ వెర్షన్ లింక్ ఫ్రెండ్ పంపాడు. 8 జీబీ ల్యాప్‌టాప్. వేసుకోనా?
*– డిగ్రీ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్*

వద్దు. క్రాక్‌తో పాటు ఇంకేం దిగుతుందో ఎవరూ చెప్పలేరు, అదే ల్యాప్‌టాప్‌లో మీ యూపీఐ, కాలేజీ పాస్‌వర్డ్‌లు కూడా ఉంటాయి. ముందు కాలేజీ ల్యాబ్‌లో లైసెన్స్ ఉందేమో కనుక్కోండి. లేకపోతే గ్రెటల్, ఆర్ రెండూ ఉచితం, 8 జీబీ వాటికి ధారాళం. మెనూలతో పని కానివ్వాలంటే గ్రెటల్, కోడ్ రాయడానికి భయం లేకపోతే ఆర్. సీనియర్ ఇచ్చిన డీటీఏ (స్టాటా డేటా) ఫైల్ తెరవడానికే స్టాటా అనుకుంటున్నారేమో, గ్రెటల్ దాన్ని నేరుగా తెరుస్తుంది, ఆర్‌లో అయితే హేవెన్ ప్యాకేజీ వేసుకోండి.