పేట వ్యాపార ప్రణాళికకు గ్రాంటు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అమెరికాలో మేముంటున్న నగరంలో పాత వ్యాపార వీధి ఒకటి ఉంది. దుకాణాలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. వ్యాపారుల సంఘం తరఫున ఆ పేటకు ఆర్థికాభివృద్ధి ప్రణాళిక తయారు చేయించాలనుకుంటున్నాం. గ్రాంటు ఎవరిని అడగాలి?

జవాబు: మొదట మీ నగరపాలక సంస్థనే అడగండి. 1974 చట్టంతో వచ్చిన కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్‌ను (వాడుకలో సీడీబీజీ) కేంద్ర గృహనిర్మాణ శాఖ ఏటా పంచుతుంది. మెట్రో ప్రాంతాల్లో 50,000 జనాభా దాటిన నగరాలకు నేరుగా వస్తుంది, చిన్న ఊళ్లకు రాష్ట్రం ద్వారా వస్తుంది. ప్రణాళికలకూ ఈ సొమ్ము వాడవచ్చు. అయితే ప్రణాళిక, నిర్వహణ ఖర్చులు రెండూ కలిపి గ్రాంటులో 20 శాతం దాటకూడదు. గ్రాంటును నడిపే నగర సిబ్బంది జీతాలు కూడా ఆ 20 శాతంలోనే సర్దాలి కాబట్టి ప్రణాళికలకు మిగిలేది తక్కువ. ఈ సొమ్మును ఎలా ఖర్చుపెడతారో చెప్పే నగర వార్షిక కార్యాచరణ ప్రణాళిక ముసాయిదాను ప్రజాభిప్రాయం కోసం 30 రోజులు ఉంచుతారు. అప్పటికి కేటాయింపులు దాదాపు ఖరారై ఉంటాయి. అందుకే ముసాయిదాకు మూడు నాలుగు నెలల ముందే మీ మాట వాళ్ల చెవిన పడాలి.

రెండో దారి వాణిజ్య శాఖలోని ఆర్థికాభివృద్ధి సంస్థ, ఈడీఏ. దీని పెట్టుబడి కార్యక్రమాల్లో చాలావాటికి ప్రాంతం ఇబ్బందుల్లో ఉందని చూపాలి: ఉదాహరణకు, గత 24 నెలల నిరుద్యోగం దేశ సగటు కంటే కనీసం ఒక శాతం పాయింటు ఎక్కువ ఉండాలి, లేదా తలసరి ఆదాయం దేశ సగటులో 80 శాతానికి మించకూడదు. లాభాపేక్ష లేని సంఘమైనా ఒంటరిగా అడగడానికి లేదు, స్థానిక ప్రభుత్వం సహకరిస్తున్నట్టు లేఖ కావాలి.

ఇంకో సంగతి. వ్యాపారుల సంఘాలు సాధారణంగా పన్ను చట్టంలో వ్యాపార సంఘాలకున్న 501(సీ)(6) విభాగం కింద నమోదై ఉంటాయి. ప్రైవేటు ఫౌండేషన్లలో చాలామటుకు 501(సీ)(3) సంస్థలకే, అంటే దాతృత్వ, సేవా సంస్థలకే ఇస్తాయి. మీది మొదటి రకమైతే, పేటలో ఇప్పటికే పనిచేస్తున్న (సీ)(3) సంస్థ ఒకటి మీ తరఫున గ్రాంటు తీసుకునేలా ఒప్పందం రాసుకోండి.

ప్రశ్న: కన్సల్టెంట్ ఒకరు దరఖాస్తు ఉచితంగా రాసిపెడతానంటున్నారు. గ్రాంటు వస్తే ప్రణాళిక పని తనకే ఇవ్వాలంటున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోకండి. ఎంతో కష్టపడి తెచ్చుకున్న గ్రాంటు ఇక్కడే చేజారుతుంది. ఫెడరల్ గ్రాంట్ల సేకరణ నిబంధనల ప్రకారం పని వివరాలు గానీ టెండరు పత్రం గానీ రాసిన కాంట్రాక్టరును అదే పనికి పోటీపడనివ్వకూడదు. దరఖాస్తులో ఆయన రాసిన 'పని పరిధి'నే రేపు మీరు ప్రతిపాదనల పిలుపులో పెడితే ఆయన అనర్హుడు. అది చూడకుండా పని అప్పగిస్తే, ఆడిట్‌లో ఆ ఖర్చును తోసిపుచ్చవచ్చు. కన్సల్టెంట్‌కు అప్పటికే ఇచ్చేసిన డబ్బును సంఘం తిరిగి కట్టాల్సి వస్తుంది.

ఉచితం కాకుండా, వచ్చిన గ్రాంటులో శాతం అడిగేవాళ్లు కూడా ఉంటారు. దానికీ ఒప్పుకోకండి. గ్రాంటు మంజూరుకు ముందు చేసిన పనికి, ముందస్తు అనుమతి లేకుండా, ఆ గ్రాంటు నుంచి చెల్లించడం కుదరదు.

పని పరిధిని మీరే రాయండి. రెండు పేజీలు చాలు. ప్రతి దుకాణం జాబితా కావాలి: ఖాళీదా, అద్దె ఎంత, లీజు ఎప్పుడు ముగుస్తుంది. లీజు తేదీలు తప్పక అడగండి. వచ్చే రెండేళ్లలో ఎవరు వెళ్లిపోయే ప్రమాదముందో వాటితోనే తెలుస్తుంది. కొనుగోలుదారుల సర్వే ఒక పనిరోజు, ఒక వారాంతం జరగాలి, పేటలో మాట్లాడే భాషలన్నిటిలో ఉండాలి. మార్కెట్ విశ్లేషణలో కన్సల్టెంట్లు మధ్యలో చుక్క పెట్టి మైలు వృత్తం గీసేస్తుంటారు. ఆ వృత్తాన్ని హైవేనో రైలు పట్టాలో చీల్చేస్తే అవతలివాళ్లు మీ వీధికి రారు, లెక్కలో మాత్రం ఉంటారు. నడక సమయం, కారు ప్రయాణ సమయం ఆధారంగా హద్దులు గీయాలని ముందే రాయండి.

సర్వే అసలు డేటా ఎక్సెల్ రూపంలో సంఘానికి చెందాలి. పీడీఎఫ్ ఒక్కటే ఇస్తే మరుసటి ఏడాది అంకెలు సవరించుకోలేరు. చివరి 15 నుంచి 20 శాతం చెల్లింపు ఆ ఫైళ్లు చేతికొచ్చాకే చేయండి.

ప్రశ్న: గ్రాంటు ఇచ్చేవాళ్లు ప్రణాళిక ఖర్చులో సగం మా వాటాగా పెట్టమంటున్నారు. వాలంటీర్ల శ్రమను లెక్కలోకి తీసుకుంటారా?

జవాబు: తీసుకుంటారు, కానీ మీరనుకున్నంత రాదు. ప్రణాళిక ఖర్చు 60,000 డాలర్లు, మీ వాటా 30,000 అనుకుందాం. ఆరుగురు వాలంటీర్లు తలా 40 గంటలు సర్వే చేస్తే 240 గంటలు. అలాంటి పనికి గంటకు 25 డాలర్లు ఇస్తారనుకుంటే 6,000. మిగతా 24,000 ఎక్కడినుంచో రావాలి. ఆ 240 గంటలకూ తేదీ, పని, సంతకంతో పట్టీలు ఉండాలి. తర్వాత గుర్తు తెచ్చుకుని రాసినవి ఆడిట్‌లో నిలవవు.

ఒక ఫెడరల్ గ్రాంటుకు మరో ఫెడరల్ డబ్బును వాటాగా చూపడం సాధారణంగా కుదరదు. సీడీబీజీకి మాత్రం చట్టంలోనే మినహాయింపు ఉంది. నగరం ఒప్పుకుంటే ఈడీఏ వాటాకు దాన్ని వాడుకోవచ్చు.

చాలా గ్రాంట్లలో ముందు మీరు ఖర్చుపెట్టి, బిల్లు పంపాక డబ్బు తీసుకోవాలి. కన్సల్టెంట్‌కు రెండు మూడు నెలలు చెల్లించేంత నగదు చేతిలో లేకపోతే, సంతకం చేసే ముందే నగరంతో గానీ బ్యాంకుతో గానీ ఏర్పాటు చేసుకోండి.

ప్రశ్న: దరఖాస్తు గడువు నెల రోజులే ఉంది. ముందు ఏం చేయాలి?

జవాబు: ఈరోజే ఫెడరల్ గ్రాంట్ల దరఖాస్తుదారులు నమోదు కావాల్సిన ప్రభుత్వ వెబ్‌సైట్ సామ్‌లో (SAM.gov) సంఘం పేరు నమోదు మొదలుపెట్టండి. ఫీజు లేదు. డబ్బు అడిగేవాళ్లు దళారులే. అక్కడ 12 అక్షరాల గుర్తింపు సంఖ్య ఇస్తారు. పన్నుల శాఖ పత్రాల్లో ఉన్న పేరు, చిరునామా కామాతో సహా సరిపోలాలి. తేడా ఉంటే వారాల తరబడి ఆగుతుంది. ఇప్పటికే నమోదై ఉంటే గడువు చూసుకోండి, ఏటా పునరుద్ధరించాలి.