డిజిటల్ సౌండ్ ఒంటికి పడట్లేదంటున్న మేనకోడలికి

అమ్మడూ,

నీ వాయిస్ మెసేజ్‌లన్నీ వరసపెట్టి విన్నా. ఇయర్‌బడ్స్ పెట్టుకుని అరగంట పాటలు వింటే కణతల దగ్గర పట్టేసినట్టు ఉంటోందని, హాల్లో సౌండ్‌బార్ పెట్టినా చిరాకు పుడుతోందని, అదే నాన్నగారి పాత రికార్డ్ ప్లేయర్ మీద ఘంటసాల ఎల్పీలు వేసుకుంటే సాయంత్రమంతా విన్నా ఏమీ అవ్వట్లేదని, అంటే నీ ఒంటికి డిజిటల్ సౌండే పడదని తేల్చేసుకుని, ఆ పాత ప్లేయర్ మోటార్ ఎప్పుడు ఆగిపోతుందో అన్న భయంతో లక్షన్నర పెట్టి కొత్త టర్న్‌టేబుల్, యాంప్, స్పీకర్లు బుక్ చేద్దామనుకుంటున్నావని అర్థమైంది. అల్లుడుగారు "అంతా నీ భ్రమ" అన్నారని చెప్పేటప్పుడు గొంతు వణికింది చూడు, ముందు అక్కణ్నుంచే మొదలెడతా.

నొప్పి భ్రమ కాదు. నొప్పిగా ఉందని నువ్వు చెప్తే ఉన్నట్టే, దాన్ని కొలవడానికి బయట మీటరేం లేదు. అల్లుడుగారికి కూడా ఈ మాట నేనే చెప్తాలే. కాకపోతే నొప్పి వస్తోందని ఒళ్లు చెప్తుంది గానీ ఎందుకొస్తోందో చెప్పలేదమ్మా, ఆ రెండో సంగతి మనమే వెతుక్కోవాలి. ఎలా వెతకాలో చెప్దామనే ఇంత పొడుగు రాస్తున్నా, ఓపిగ్గా చదువు, చదవడం అయ్యేదాకా ఆ షాపుకి అడ్వాన్స్ మాత్రం కొట్టకు.

ఈ అనుమానం నీతో మొదలైంది కాదు. సీడీలు 1982లో మార్కెట్లోకి వచ్చాయి, అంతకు ముందే, 1980 ప్రాంతంలో అమెరికాలో జాన్ డైమండ్ అనే సైకియాట్రిస్ట్ డిజిటల్‌గా రికార్డ్ చేసిన పాటలు మనిషిలో స్ట్రెస్ పుట్టిస్తాయని గట్టిగా వాదించాడు. ఎలా తేల్చాడయ్యా అంటే, మనిషిని చెయ్యి చాపి నిలబెట్టి, పాట పెట్టి, ఆ చేతిని కిందకి నొక్కి చూడటం, డిజిటల్ పాటకి చెయ్యి బలం తగ్గిపోతోంది అనడం. ఏ పాట మోగుతోందో నొక్కేవాళ్లకి తెలిస్తే ఎంత గట్టిగా నొక్కుతున్నారో వాళ్లకే తెలియకుండా మారిపోతుంది, అందుకే ఆ పరీక్ష నిలబడలేదు. పాటగాడు నీల్ యంగ్ కూడా ఏళ్ల తరబడి డిజిటల్ సౌండ్ మనిషిని ఇబ్బంది పెడుతుందనే అంటూ వచ్చాడు. ఇంకా గట్టి మనిషి ఒకాయన ఉన్నాడు, ఐవర్ టీఫెన్‌బ్రన్ అని స్కాట్లాండ్‌లో లిన్ టర్న్‌టేబుల్ కంపెనీ పెట్టినాయన, డిజిటల్ అంటేనే పడనివాడు. 1984లో ఆయన వినే సిస్టమ్ మధ్యలో సోనీ పీసీఎమ్-ఎఫ్1 అనే డిజిటల్ పెట్టె పెట్టి, ఒకసారి కలుపుతూ ఒకసారి తీస్తూ, ఎప్పుడు కలిపారో చెప్పమన్నారు. ఆయన చెప్పలేకపోయాడు. కెనడా ప్రొఫెసర్ స్టాన్లీ లిప్‌షిట్జ్ దాన్ని వివరంగా రాశాడు కూడా. ఆయన చెవి చెడ్డదేం కాదు, జీవితమంతా వినడమే పనిగా పెట్టుకున్న మనిషి.

తర్వాత 2007లో అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఇదే పని పెద్ద ఎత్తున చేశారు, సీడీ కంటే పైస్థాయి హై రిజల్యూషన్ సౌండ్ మధ్యలో మామూలు సీడీ క్వాలిటీ పెట్టె ఒకటి దూర్చి, ఏది ఏదో చెప్పమంటే 554 సార్లలో 276 సార్లు కరెక్ట్‌గా చెప్పారు, బొమ్మా బొరుసా వేసినా అంతే వచ్చేది. ఇంకో వైపుదీ చెప్పాలి కాబట్టి చెప్తున్నా, 2016లో లండన్‌లో జాషువా రీస్ ఇలాంటి 18 స్టడీలు కలిపి లెక్కేస్తే మొత్తం మీద 52.3 శాతం కరెక్ట్ వచ్చింది, ముందు ట్రైనింగ్ ఇచ్చినవాళ్లకి 60 దాకా వెళ్లింది. అంటే సీడీకీ దానికంటే పైదానికీ మధ్య పిసరంత తేడా కొందరు పట్టగలరేమో, సరే. కానీ అది తేడా పట్టడం గురించి, తలనొప్పి గురించి కాదు. 2000లో జపాన్‌లో ఓహాషి టీమ్ బాలి దీవి గామెలాన్ సంగీతంతో చేసిన స్టడీ కూడా నీకు ఎవరో ఒకరు చూపిస్తారు, చెవికి వినపడని పై ఫ్రీక్వెన్సీలు మెదడు మీద పనిచేస్తాయని. అది తర్వాత మిగతావాళ్ల చేతుల్లో గట్టిగా నిలవలేదు, పైగా వాళ్లు ఆ సంగీతం రికార్డ్ చేసింది డిజిటల్‌లోనే, శాంప్లింగ్ రేటు చాలా పెంచి.

2022లో ఇంకోటి బయటపడింది. అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ ఎల్పీలని ప్యూర్ అనలాగ్, అంటే డిజిటల్ అస్సలు కలవనివి, అనుకుని జనం ఎక్కువ డబ్బు పోసి కొనుక్కున్నారు, తీరా చూస్తే చాలా వాటికి మధ్యలో డిజిటల్ స్టెప్ ఉంది. అది బయటపడేదాకా ఏళ్ల తరబడి వాటిని విని మురిసిపోయినవాళ్లలో డిజిటల్ అస్సలు పడదనేవాళ్లూ ఉన్నారు. అందుకే రేపు నువ్వు కొనబోయే కొత్త ఎల్పీల సంగతి కూడా ఆలోచించు, ఈ రోజుల్లో వచ్చేవాటిలో ఎక్కువ భాగం డిజిటల్ ఫైల్ నుంచి గాడి కోసి చేసినవే.

ఆ మెట్లు మెట్లుగా ఉండే బొమ్మ పంపావు కదా, డిజిటల్ అంటే సౌండ్‌ని ముక్కలు చేయడమేనని, ఆ మెట్లే చెవికి గుచ్చుకుంటాయని. అమ్మా, ఆ మెట్లు స్పీకర్ దాకా రావు. సీడీలో సెకనుకి 44,100 శాంపిల్స్, అంటే సౌండ్ కొలతలు, ఉంటాయి, వాటిని డాక్ అనే, డిజిటల్‌ని అనలాగ్‌గా మార్చే చిప్పు, దాని ఫిల్టరూ కలిసి మళ్లీ నున్నటి వేవ్‌గా చేస్తాయి, వేవ్‌ని గీసి చూపించే ఆసిలోస్కోప్ మీద నా కళ్లతో ఎన్నోసార్లు చూసిందే ఇది. స్పీకర్ కోన్‌ని కదిపేది కరెంటే, రికార్డ్ నుంచి వచ్చినా ఫోన్ నుంచి వచ్చినా. చెవిపొరకి తగిలేది గాలి, గాలికి డిజిటల్ అనలాగ్ అని రెండు రకాలు లేవు. మొదట్లో వచ్చిన కొన్ని సీడీలు గరగరగా, తీక్షణంగా ఉండేవి, ఆ మాట నిజం, ఎల్పీ కోయడానికి తయారుచేసిన టేపుల్నే వాటికీ వాడేశారు, ప్లేయర్లలో ఫిల్టర్లు కూడా అప్పటికి ముతకే. ఆ చెడ్డపేరు ఇప్పటికీ పోలేదు.

మరి నీకు అక్కడ రాని నొప్పి ఇక్కడెందుకొస్తోంది? అసలు విషయం ఇదే, దీని మీదే కూర్చుని ఆలోచించా.

నువ్వు పోలుస్తున్నది డిజిటల్‌నీ అనలాగ్‌నీ కాదమ్మా, రెండు పూర్తిగా వేరే పరిస్థితుల్ని. ఎల్పీ వినేటప్పుడు నాన్నగారి ముందు గదిలో, పరుపు కుర్చీలో కూర్చుంటావు, స్పీకర్లు ఎనిమిది అడుగుల దూరంలో ఉంటాయి, గోడలకి పుస్తకాల బీరువాలు, కిటికీలకి మందపాటి కర్టెన్లు, ఒక సైడ్ ఇరవై నిమిషాల్లో అయిపోతే లేచి తిప్పి వేయాలి, అంటే చెవికి, మెడకి మధ్యమధ్యలో రెస్ట్. ఇయర్‌బడ్స్ అయితే పొద్దున్నుంచి ఆఫీసు కాల్స్ విన్న చెవుల్లోకే మళ్లీ దూరుస్తావు, మెట్రోలోనో స్కూటీ స్టాండ్ దగ్గరో బయటి గోల మీద వినపడాలని వాల్యూమ్ పెంచుతావు, చేతిలో ఫోన్ స్క్రోల్ చేస్తూ తల వంచి వింటావు. కణతల నొప్పి అన్నావు కదా, దవడ బిగబట్టే అలవాటుంటే బడ్స్ పెట్టినప్పుడు అక్కడే పట్టేస్తుంది. నాయిస్ క్యాన్సిలింగ్ ఆన్‌లో ఉంటే కొందరికి చెవిలో గాలి నిండినట్టు, విమానంలో ఉన్నట్టు ఉంటుంది, తల తిరిగినట్టూ అనిపిస్తుంది. మీ కొత్త ఫ్లాట్ హాలు సంగతి నేను గృహప్రవేశం రోజే గమనించా, కింద విట్రిఫైడ్ టైల్స్, పైన ఆర్‌సీసీ స్లాబు, ఒక గోడంతా అద్దాలు, చప్పట్లు కొడితే టింగ్‌మని మోగుతోంది, అందులో సౌండ్‌బార్ పెడితే ఎవరికైనా చిరాకే.

పాటలూ ఒకటి కాదు. ఘంటసాల గారి కాలం రికార్డింగుల్లో చిన్నది చిన్నగా, పెద్దది పెద్దగా ఉంటుంది, ఎల్పీ మీద హైస్, అంటే కీచుమనే పై శబ్దాలు, మరీ ఎక్కువ పెడితే సూది గరగరలాడుతుంది కాబట్టి కోసేవాళ్లే అదుపులో పెడతారు. ఇప్పటి పాటల్ని చాలా వరకు మాస్టరింగ్‌లో, అంటే విడుదలకి ముందు చేసే చివరి సవరణలో, గట్టిగా నొక్కేస్తున్నారు, పల్లవి నుంచి చివరిదాకా ఒకటే లెవెల్, ఊపిరి తీసుకునే చోటు ఉండదు. మన చెవి రెండు నుంచి అయిదు కిలోహెర్ట్జ్ మధ్య అన్నిటికంటే సున్నితం, చాలా బడ్స్‌లో సరిగ్గా ఆ దగ్గర్లోనే "క్లియర్‌గా వినపడాలి" అని ఎత్తి పెడతారు. స, శ, చ అక్షరాలు పలికినప్పుడల్లా సూదిలా తగిలితే అనుమానించాల్సింది ఆ ఎత్తునే. తక్కువ బిట్‌రేట్, అంటే బాగా కుదించిన, ఎంపీత్రీలో తాళాలు, చప్పట్లు సబ్బు నురగలా కలిసిపోతాయి, అదీ వినబుద్ధి కాదు. వీటిలో చాలా వాటికి డిజిటల్‌తో సంబంధమే లేదు, ఉన్నవాటికి కూడా లక్షన్నర అక్కర్లేదు.

ఇప్పుడు చేయాల్సింది. ముందు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లి ఆడియోగ్రామ్ అనే వినికిడి పరీక్ష చేయించుకో, మామూలు వాళ్లకి ఫర్వాలేదనిపించే శబ్దాలు నాకు నొప్పి పుట్టిస్తున్నాయి అని ఆ మాటల్లోనే చెప్పు, ఎంత సౌండ్ దగ్గర ఇబ్బంది మొదలవుతోందో కూడా కొలవమని అడుగు. హైపర్‌అక్యూసిస్ అనే తేడా ఉంటే అక్కడ తేలుతుంది. అక్కకి మైగ్రేన్ ఉంది కదా, నీకూ ఉండొచ్చు, మైగ్రేన్ ఉన్నవాళ్లకి శబ్దం పడకపోవడం చాలా మామూలు, ఆ సంగతి కూడా దాచకుండా చెప్పు. ఒక చెవిలోనే హోరు వస్తున్నా, ఉన్నట్టుండి ఒక చెవి వినికిడి తగ్గినా మాత్రం ఆగొద్దు, ఆ రోజే వెళ్లాలి.

వాల్యూమ్ లెక్క కూడా తెలుసుకో. పెద్దవాళ్లకి వారానికి 40 గంటలు 80 డెసిబుల్స్ అని డబ్ల్యూహెచ్‌వో చెప్తుంది, ప్రతి 3 డెసిబుల్స్ పెరిగినప్పుడల్లా టైమ్ సగమవుతుంది, అంటే 89 దగ్గరకొచ్చేసరికి వారం మొత్తానికి 5 గంటలే. కొన్ని ఫోన్లలో హెడ్‌ఫోన్ లెవెల్ సెట్టింగ్స్‌లోనే చూపిస్తుంది, నీ ఫోన్లో ఉందేమో చూసి నాకు స్క్రీన్‌షాట్ పంపు.

ఒక రెండు వారాలు బడ్స్ మానేసి, చెవుల మీద కూర్చునే ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్స్ తీసుకో, మంచివి కొన్ని వేలల్లోనే వస్తాయి, ఈక్వలైజర్‌లో 3 నుంచి 6 కిలోహెర్ట్జ్ దగ్గర ఓ మూడు నాలుగు డెసిబుల్స్ దించు, హాల్లో మందపాటి తివాచీ వేసి ఆ అద్దాలకి కర్టెన్ కట్టు, ఇరవై నిమిషాలకోసారి లేచి మంచినీళ్లు తాగిరా. అవే ఘంటసాల పాటలు మంచి బిట్‌రేట్‌లో పెట్టుకుని విను, వేరే పాటలొద్దు. నా అంచనా, సగం ఇక్కడే తగ్గిపోతుంది.

తగ్గకపోతే అప్పుడు అసలు పరీక్ష, టీఫెన్‌బ్రన్‌కి పెట్టిందే. నాన్నగారి ప్లేయర్ ఫోనో ప్రీయాంప్‌కీ (సూది నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచేది) యాంప్ లైన్ ఇన్‌పుట్‌కీ మధ్యలో ల్యాప్‌టాప్‌కి కలిపిన ఒక యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టాలి, రికార్డ్ సౌండ్ అందులోకెళ్లి 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ డిజిటల్ అయిపోయి, మళ్లీ అనలాగ్ అయి యాంప్‌లోకి వస్తుంది. అదే రికార్డ్, అదే సూది, అవే స్పీకర్లు, అదే కుర్చీ, మారేది ఒక్క డిజిటల్ మాత్రమే. ఇందులో రెండు జాగ్రత్తలున్నాయి. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ అని బటన్ ఉంటుంది, అది ఆఫ్‌లో ఉండాలి, ఆన్‌లో ఉంటే సౌండ్ డిజిటల్‌లోకి వెళ్లకుండానే దొడ్డిదారిన బయటికొచ్చేస్తుంది, పరీక్ష మొత్తం దండగ. రెండోది లెవెల్, కాస్త పెద్దగా ఉన్నదే మనకి బాగున్నట్టో గుచ్చుకున్నట్టో అనిపిస్తుంది కాబట్టి రెండు దారుల్లోనూ సౌండ్ సమానంగా ఉండాలి. రికార్డ్ బదులు ఫోన్ నుంచి 400 హెర్ట్జ్ టోన్ ఇచ్చి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్ ఏసీ వోల్ట్స్‌లో పెట్టి చూడు, నేరుగా 1.00 వోల్ట్ వస్తే ఇంటర్‌ఫేస్ లోంచి కూడా 1.00 రావాలి, మహా అయితే 1.01.

తమ్ముడిని పిలువు. రోజూ సాయంత్రం నువ్వు గదిలోకి రాకముందే వాడు రూపాయి బిళ్ల ఎగరేసి, బొమ్మ పడితే నేరుగా, బొరుసు పడితే ఇంటర్‌ఫేస్ లోంచి కలిపి, మీద గుడ్డ కప్పి బయటికెళ్లిపోవాలి, ఇంట్లోనే ఉంటే వాడి మొహం చూసి నువ్వు పట్టేస్తావు. నువ్వు గంటసేపు విని, నొప్పి సున్నా నుంచి పది లోపు ఎంతో, ఈ రోజు డిజిటలా కాదా అని నీ మాటా ఒక పుస్తకంలో రాయి. వాడు వాడి పుస్తకంలో రాస్తాడు. అప్పటికప్పుడు మార్చి మార్చి వినడం నీ విషయంలో పనికిరాదు, ఎందుకంటే నీకు నొప్పి అరగంట తర్వాత కదా వచ్చేది, అందుకే రోజుకొకటే. పన్నెండు సాయంత్రాలు అయ్యాక రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టండి, మధ్యలో ఒక్కసారి కూడా చూడొద్దు. పన్నెండులో పది లేదా అంతకంటే ఎక్కువ నువ్వు కరెక్ట్‌గా చెప్పావనుకో, గుడ్డిగా చెప్తే అలా రావడానికి నూటికి రెండు ఛాన్సులే, అప్పుడు ఇంకో పన్నెండు చేద్దాం, మళ్లీ అలాగే వస్తే నేనే వచ్చి నీకు టర్న్‌టేబుల్ సెట్ చేసి పెడతా, అల్లుడుగారి ముందే. ఆరో ఏడో వస్తే ఆ లక్షన్నర బ్యాంకులో ఉంచుకుని డాక్టర్ చెప్పినదాని మీద, ఆ హాలు మీద ఖర్చుపెట్టు.

ఇంకో మాట, ఇంటర్‌ఫేస్ కలిపిన సాయంత్రాల్లో నొప్పి రాకపోతే "అంటే నేనే ఊహించుకున్నానా" అని కుంగిపోవద్దు. నొప్పి వస్తుందేమో అని ఒళ్లు బిగబట్టుకుని కూర్చుంటే నిజంగానే కండరాలు పట్టేస్తాయి, నిజంగానే నొప్పొస్తుంది, డాక్టర్లు దాన్ని నోసీబో అంటారు, అందరికీ జరిగేదే. కారణం తెలిస్తే తగ్గించుకోవడం సులువు.

ఇంటర్‌ఫేస్ కొనకు, నా దగ్గర ఒకటి ఖాళీగా ఉంది, ఆర్‌సీఏ కేబుల్స్, మల్టీమీటర్‌తో కలిపి సోమవారం కొరియర్ చేస్తా. ఈలోపు ఈఎన్‌టీ అపాయింట్‌మెంట్ తీసుకుని, ఆడియోగ్రామ్ రిపోర్ట్ ఫొటో పంపు.

మీ మావయ్య