సర్టిఫికెట్ ఫోన్‌లోనా, తరగతిలోనా?

ప్రశ్న: విజయవాడ పటమటలో ఏడేళ్లుగా కర్రీ పాయింట్ నడుపుతున్నాము. నేను, మా వారు కాక ఒక వంటమాస్టరు, ఐదుగురు హెల్పర్లు ఉన్నారు. హెల్పర్లలో ఇద్దరు ఒడిశా నుంచి వచ్చినవారు, తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. ఆహార భద్రత శిక్షణ పొందినవారు షాపులో ఒకరైనా ఉండాలని ఈ మధ్య తనిఖీకి వచ్చిన అధికారి చెప్పి వెళ్లారు. ఫోన్‌లో కాసేపు పాఠం వింటే సర్టిఫికెట్ వచ్చేస్తుందని ఒక ఏజెంటు అంటున్నాడు. తరగతికి వెళితే ఒక రోజు బేరం పోతుంది. ఏ దారి మంచిదో చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: అమ్మా, అధికారి అడిగినది ఏమిటో ముందు తేల్చుకుందాము. ‘ఆహార భద్రత’ అనగానే మనవాళ్లలో చాలామందికి రేషన్ కార్డు గుర్తుకు వస్తుంది. రేషన్ సంగతి చెప్పే 2013 నాటి చట్టానికీ, తినే పదార్థం శుభ్రంగా, హాని లేకుండా ఉండాలని చెప్పే 2006 నాటి చట్టానికీ తెలుగులో ఒకే మాట వాడటం వల్ల వచ్చిన చిక్కు ఇది. మీకు సంబంధించినది రెండవది. దాని కింద పనిచేసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2017లో ‘ఫాస్టాక్’ పేరుతో శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టింది. వంటగదిలో పనిచేసే ప్రతి 25 మందికి శిక్షణ పొందిన సూపర్‌వైజరు ఒకరు ఉండాలన్నది అందులోని లెక్క. మీ షాపులో ఎనిమిది మందే కనుక ఒక్కరి సర్టిఫికెట్ సరిపోతుంది. దాని గడువు రెండేళ్లు. మీ బోర్డు మీద ఉండే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు షాపుకు ఇచ్చినది, ఈ సర్టిఫికెట్ మనిషికి ఇచ్చేది. ఒకటి ఉన్నంత మాత్రాన రెండవది ఉన్నట్టు కాదు.

ఆన్‌లైన్ శిక్షణను తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. కర్రీ పాయింట్‌కు పొద్దున పదకొండు నుంచి రెండున్నర వరకు, మళ్లీ సాయంత్రం ఆరు తరువాత ఊపిరి సలపదు. మధ్యలో దొరికే రెండు మూడు గంటల్లో ఇంటి నుంచే పాఠం వినగలగడం చిన్న సౌకర్యం కాదు. గుర్తింపు పొందిన శిక్షణ సంస్థ ద్వారా, అదే కార్యక్రమం కింద జారీ అయినదైతే ఫోన్‌లో నేర్చుకున్నారా, బల్ల మీద కూర్చుని నేర్చుకున్నారా అని సర్టిఫికెట్‌ను చిన్నచూపు చూసేవారు ఉండరు. అయినా మీలా మొదటిసారి తీసుకునేవారికి నేను తరగతినే సూచిస్తాను. రెండేళ్ల తరువాత మళ్లీ తీసుకోవలసి వచ్చినప్పుడు ఆన్‌లైన్ చాలు.

కారణం చెబుతాను. కొన్నేళ్ల క్రితం నేను ఇటువంటి పాఠం ఒకటి ఫోన్‌లో విన్నాను. చేతులు కడుక్కునే భాగం వస్తున్నప్పుడు ఫోను గట్టు మీద పెట్టి అన్నం వార్చుకుంటున్నాను, పరీక్షలో ఆ ప్రశ్నకు సరైన జవాబే గుర్తించాను. తరువాత ఒక తరగతికి వెళ్లినప్పుడు అక్కడి శిక్షకురాలు మా అందరి అరచేతుల్లో నూనెలో కలిపిన పసుపు రాసి, రోజూ ఎలా కడుక్కుంటారో అలాగే కడుక్కు రమ్మన్నారు. వచ్చి చూసుకుంటే అరచేయి తెల్లగానే ఉంది గాని గోళ్ల చుట్టూ, వేళ్ల సందుల్లో, బొటనవేలి వెనుక పసుపు అలాగే ఉంది. ఆ రోజు నుంచి నేను చేతులు కడుక్కునే తీరు మారింది.

వండిన పదార్థంలో ముల్లు గుచ్చి వేడి చూసే థర్మామీటరు సంగతీ అంతే. గ్లాసు నిండా దంచిన ఐసు వేసి, సందులు నిండేలా నీళ్లు పోసి అందులో ముల్లు ముంచితే సున్నా చూపించాలి. చూపించకపోతే ఆ థర్మామీటరు చెప్పే మిగతా లెక్కలేవీ నమ్మడానికి లేదు. ఇది చదివితే అర్థమవుతుంది గాని చేతితో ఒకసారి చేసినవారే షాపులో మళ్లీ చేస్తారు.

మీ వ్యాపారంలో థర్మామీటరుకు అంత ప్రాధాన్యం ఎందుకో కూడా చెప్పాలి. సుమారు 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య సూక్ష్మజీవులు పెరుగుతాయి, అనువైన వేడిలో కొన్ని ఇరవై నిమిషాలకే రెట్టింపు అవుతాయి. మన విజయవాడలో మే నెల మధ్యాహ్నం నలభై దాటుతుంది కనుక పొయ్యి పక్కన పెట్టిన గిన్నె ఆ ప్రమాదపు హద్దుల మధ్యలోనే కూర్చున్నట్టు లెక్క. రాత్రి మిగిలిన ఇరవై లీటర్ల సాంబారును గిన్నెతోనే మూతపెట్టి వదిలేస్తే, పైన చేయి పెట్టి చూసినప్పుడు చల్లారినట్టే ఉంటుంది. నడుమకు ముల్లు దించితే మాత్రం గంటల తరబడి గోరువెచ్చగానే కనిపిస్తుంది. 60 నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో, అక్కడి నుంచి 5 డిగ్రీలకు మరో నాలుగు గంటల్లో దిగాలన్నది శిక్షణల్లో చెప్పే లెక్క. లోతు లేని వెడల్పాటి ట్రేలలోకి పోసి, వాటిని ఐసు వేసిన నీళ్ల తొట్టిలో పెట్టి, నడుమ నడుమ గరిటెతో తిప్పి, ఆవిరి పోయాక ఫ్రిజ్‌లోకి ఎక్కిస్తే తప్ప ఆ లెక్క కుదరదు.

అన్నం ఇంకా జాగ్రత్త కోరుతుంది. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు బియ్యంతో పాటే వస్తాయి, అన్నం ఉడికినా చావవు. అన్నం బయట నిలవ ఉంటే అవి మొలకెత్తి పెరుగుతాయి, వాటిలో కొన్ని వాంతులు కలిగించే విషాన్ని కూడా వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినంత మాత్రాన పోదు. ‘రాత్రి అన్నమే, పొద్దున పులిహోర కలిపేస్తాము’ అనే అలవాటు చాలా వంటిళ్లలో ఉంది. రాత్రంతా బయటే ఉండిపోయిన అన్నాన్ని పొద్దున తాలింపు బాగుచేయలేదు.

ఇక ఎవరు వెళ్లాలి? సాధారణంగా వంటమాస్టరును పంపుతారు. అతను పండక్కి ఊరెళ్లి మరో షాపులో చేరితే సర్టిఫికెట్ కూడా అతని జేబులోనే వెళ్లిపోతుంది. అందుకే రాత్రి మిగులు పదార్థాలను ఏం చేయాలో షాపులో ఎవరు నిర్ణయిస్తారో వారే వెళ్లాలని నా సలహా. మీ ఉత్తరం తీరు చూస్తే అది మీరేనని అనిపిస్తున్నది. ఖర్చు భరించగలిగితే మాస్టరును కూడా వెంట తీసుకువెళ్లండి. అన్నిటికంటే బేరం తక్కువ ఉండే రోజు ఏదో మీకు తెలుసు కదా, డబ్బు కట్టే ముందు ఆ రోజున, తెలుగులో తరగతి పెడతారా అని అడగండి. థర్మామీటరు చేతికి ఇస్తారా, స్లైడ్లు చూపించి పంపుతారా అన్నదీ అడగండి. స్లైడ్లే అయితే మీకు ఫోనే మేలు, ఆ రోజు బేరమైనా మిగులుతుంది.

ఏజెంటు విషయంలో ఒక హెచ్చరిక. అతను చెప్పే శిక్షణ సంస్థ పేరు ఫాస్టాక్ పోర్టల్‌లోని జాబితాలో ఉందేమో మీరే చూసుకోండి, నమోదు మీ ఫోన్ నంబరుతోనే చేయించండి. ‘మీరు కూర్చోనక్కర్లేదు, పరీక్ష మేము రాసిపెడతాము’ అన్నాడంటే అక్కడితో మాట ముగించండి. తనిఖీ అధికారి మీ ఫ్రిజ్ తెరిచి పచ్చి కోడిమాంసం ఏ అరలో పెట్టాలని అడిగితే జవాబు చెప్పవలసింది మీరు, ఏజెంటు కాదు. (అన్నిటికంటే కింది అరలో పెట్టాలి, దాని నీరు వండిన వాటి మీద కారకుండా.)

హెల్పర్లను తరగతికి పంపనక్కర్లేదు. మీరు వచ్చాక పసుపు పరీక్షను షాపులోనే వారి చేత చేయించండి. చదవలేనివారికి గోడ మీద అట్టలు అంటించి ప్రయోజనం లేదు. పచ్చి మాంసానికి ఎర్ర పీట, కూరగాయలకు ఆకుపచ్చ పీట కేటాయిస్తే భాషతో పని ఉండదు. వేలు తెగినవారిని, కట్టు కట్టి గ్లవ్స్ తొడిగించినా సరే, ఆ నాలుగు రోజులు వంట దగ్గర కాకుండా బయట పనికి పెట్టండి. అందరికీ ఏటా జరగవలసిన వైద్య పరీక్ష ఈ శిక్షణతో సంబంధం లేకుండా విడిగా చేయించాలి.

ప్రశ్న: గుంటూరులో చిన్న కారం పొడి యూనిట్ ఉంది. హోటల్ నడిపే మా బావమరిది చేసిన కోర్సే నేనూ ఆన్‌లైన్‌లో చేయవచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: ఆన్‌లైన్‌లో చేయవచ్చు, ఆ కోర్సు మాత్రం మీకు పనికిరాదు. ఆయనది కేటరింగ్ విభాగం, మీది తయారీ విభాగం, నమోదులోనే వేరుగా ఎంచుకోవాలి. ఆయనకు శత్రువు గోరువెచ్చదనమైతే మీకు తేమ. సరిగా ఆరని మిర్చిలో బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం తయారవుతుంది, దానిని ఎంత మెత్తగా పట్టినా పోగొట్టలేరు. రంగు కోసం సూడాన్ వంటి నిషిద్ధ రంగులు కలిసిన సరుకు, మర నుంచి రాలే ఇనుప రజను, గోనె సంచుల పురికొస పోగులు మీరు చూసుకోవలసిన మిగతావి. మీరొక్కరే చదువుకుని అమలు చేసే యూనిట్ కనుక మీకు ఆన్‌లైన్ బాగానే కుదురుతుంది. అయితే కోర్సు మొదలుపెట్టే ముందు ఒక తేమ మీటరు కొనుక్కోండి, పాఠం వింటూ మీ గోడౌన్‌లోని నాలుగు బస్తాలను అక్కడికక్కడే కొలిచి చూసుకోవచ్చు.